"అంటీ ముట్టనట్టు" అంటే దూరంగా ఉండటమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చదువంతా ఇంగ్లీషులో సాగింది, ఇంట్లో మాట్లాడేది తెలుగు. మొన్న ఫోన్‌లో మీ పెద్దమ్మ "ఏంటో నాన్నా, ఈ మధ్య నువ్వు అంటీ ముట్టనట్టు ఉంటున్నావు" అన్నారు. అది తిట్టా, మామూలు మాటా? ఒకరిని కాస్త ఎడంగా ఉంచడాన్ని ఇంగ్లీషువాళ్లు 'ఆర్మ్స్ లెంగ్త్' అంటారు, అది ఇదేనా? ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

నేను అనువాదాల పని చేస్తాను. ఈ నుడికారాన్ని ఒకసారి పనిలో, ఒకసారి ఇంట్లో తప్పుగా వాడాను. పనిలో చేసిన తప్పు పది నిమిషాల్లో దిద్దుకున్నాను. ఇంట్లో చేసిన తప్పు ఎనిమిది నెలలు నా వెంటే ఉంది. అందుకే మీ ప్రశ్న చూడగానే కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందు మాటను విప్పి చూద్దాం. "అంటు" అంటే తాకడం, తాకి అతుక్కోవడం. చేతికి జిగురు అంటింది, చొక్కాకి మరక అంటింది అంటాం. ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బు అంటువ్యాధి. ఒక కొమ్మను ఇంకో మొక్కకు కలిపితే అది అంటు కట్టడం. అంటే తాకిన తర్వాత ఏదో ఒకటి మిగిలిపోతుందన్న భావం ఈ మాటలో ఉంది. "ముట్టు" కూడా తాకడమే, కానీ అందులో చేరుకోవడం కూడా ఉంది. "డబ్బు ముట్టింది" అంటే చేతికి అందిందని. రెండింటినీ పక్కపక్కన పెట్టి, మొదటిదాన్ని ఔననీ రెండోదాన్ని కాదనీ చెప్పేసరికి ఈ నుడికారం తయారైంది. విడదీసి చెప్పాలంటే "అంటీ అంటనట్టు, ముట్టీ ముట్టనట్టు". తాకాడు, అయినా తాకనట్టే ఉన్నాడు.

మాటల్ని ఇలా జోడించే పద్ధతి తెలుగులో చాలా చోట్ల కనిపిస్తుంది. చూసీ చూడనట్టు, వినీ విననట్టు, చెప్పీ చెప్పనట్టు, తెలిసీ తెలియనట్టు. అన్నిట్లోనూ పని జరిగింది. చూడటం అయింది, వినడం అయింది, కానీ జరగనట్టు ప్రవర్తిస్తున్నారు. తమిళంలో "పట్టుం పడామలుం" అంటారు, అచ్చంగా ఇదే భావం.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ నుడికారంలో ముందు వచ్చేది "అంటీ". అంటే దగ్గరితనం ముందే ఉండాలి. బస్సులో పక్క సీటు మనిషి మీతో మాట్లాడకపోతే ఆయన అంటీ ముట్టనట్టు ఉన్నాడని ఎవరూ అనరు. ఆయన పరాయివాడు, ఆయన పాటికి ఆయన ఉన్నాడు. అదే మీ సొంత బాబాయి అలా కూర్చుంటే అంటారు. నిజంగా దూరమైపోయినవాళ్ల గురించి ఈ మాట రాదు. లోపల ఉంటూ, ఉండాల్సినంత ఉండనివాళ్ల గురించే వస్తుంది.

వార్తల్లో కూడా గమనించండి. ఫలానా నాయకుడు పార్టీ కార్యక్రమాల్లో అంటీముట్టనట్టు వ్యవహరిస్తున్నారని రాస్తే, ఆయన ఇంకా పార్టీలోనే ఉన్నాడని అర్థం. సభకు వస్తాడు, వేదిక మీద కూర్చుంటాడు, మైకు ఇస్తే రెండు ముక్కలు మాట్లాడి దిగిపోతాడు. పార్టీ మారిపోయాక మళ్లీ ఆ మాట రాయరు. రాస్తే తప్పు.

2020లో కరోనా వచ్చినప్పుడు మొదట అందరం "సామాజిక దూరం" అని రాశాం. తర్వాత "భౌతిక దూరం" అని మార్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ ఏడాది మార్చిలోనే భౌతిక దూరం అన్న మాటకు మళ్లింది. ఎడంగా ఉండాల్సింది శరీరాలే, సంబంధాలు తెంచుకోనక్కర్లేదని దాని ఉద్దేశం. అంటీ ముట్టనట్టు ఉండటం దానికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. మనిషి ఎదురుగానే ఉంటాడు, మనసు మాత్రం ఎడంగా పెట్టుకుంటాడు.

మంచికా చెడుకా అని అడిగారు కదా, అది ఎవరు ఎవరితో అంటున్నారన్న దాన్ని బట్టి మారిపోతుంది. దీన్ని ఏ నిఘంటువులో వెతికినా దొరకదు, చెవితో పట్టుకోవాల్సిందే.

సలహాగా చెప్తే అది మంచి మాట. "వాళ్ల గొడవలో నువ్వు తలదూర్చకు, అంటీ ముట్టనట్టు ఉండు" అని అమ్మ చెప్తే అందులో మీ మీద ప్రేమ ఉంది. తన గురించి తానే చెప్పుకుంటే అది ఒక నిర్ణయం. "ఆ వ్యవహారంలో నేను అంటీ ముట్టనట్టే ఉంటున్నా" అంటే, ఒకసారి చేతులు కాల్చుకున్నాను, ఇక చాలు అని. ఎదుటివాళ్ల మొహం మీద "నువ్వు అంటీ ముట్టనట్టు ఉంటున్నావు" అంటే మాత్రం అది ఫిర్యాదు. పక్కకు వెళ్లి మూడో మనిషితో "వాడు అంటీ ముట్టనట్టు ఉంటున్నాడు" అంటే ఫిర్యాదుతో పాటు కాస్త అనుమానం కూడా కలుస్తుంది, మనసులో ఏం పెట్టుకున్నాడో అని. మాట అదే. ఉండు, ఉంటున్నాను, ఉంటున్నావు, ఉంటున్నాడు అన్న నాలుగు క్రియారూపాలతో నాలుగు రకాలుగా వినిపిస్తుంది.

మంచి అర్థంలో ఈ మాటకు నా కళ్ల ముందు ఎప్పుడూ మెదిలే బొమ్మ ఒకటుంది. మా బంధువుల ఇంట్లో అన్నదమ్ములు ఇంటి వాటాల గురించి మాట్లాడుకుంటున్నారు. గొంతులు లేచాయి. ఆ ఇంటి అల్లుడు కూడా అక్కడే ఉన్నాడు. లేచి బయటికి వెళ్లిపోతే అలిగాడంటారు, మధ్యలో కూర్చుంటే భార్య వాటా కోసం వచ్చాడంటారు. అందుకని గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాడు. పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడి బూటు లేసు విప్పుతూ, మళ్లీ కడుతూ గంటన్నర గడిపాడు. ఎవరైనా "మీరేమంటారు బావగారూ" అని అడిగితే "మీరూ మీరూ అనుకుంటే చాలండీ, నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. మళ్లీ లేసు పట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు అందరితోనూ ఒకేలా మాట్లాడి వెళ్లాడు. ఆ రోజు అంటీ ముట్టనట్టు ఉండటం ఎంత కష్టమో, ఎంత మర్యాదో నాకు అర్థమైంది. అతనికి ఏమీ పట్టలేదనుకుంటే పొరపాటు. ప్రతి మాటా వింటున్నాడు, లేసు మీద ఆగిపోయే వేళ్లే చెప్పేవి.

ఇప్పుడు 'ఆర్మ్స్ లెంగ్త్' సంగతి. మనుషుల మధ్య వాడినప్పుడు చాలావరకు సరిపోతుంది. కొత్తగా వచ్చిన సహోద్యోగిని కాస్త ఎడంగా ఉంచారనుకోండి, "అతనితో అంటీ ముట్టనట్టు ఉంటున్నాను" అనొచ్చు. కానీ ఆ ఇంగ్లీషు మాటకు వ్యాపారంలో, పన్ను చట్టాల్లో ఇంకో అర్థం ఉంది. ఒకే యజమానికి చెందిన రెండు కంపెనీలు ఒకదానికొకటి సరుకు అమ్ముకుంటే, లాభాన్ని పన్ను తక్కువ ఉన్న వైపు మళ్లించడానికి ధర పెంచడమో తగ్గించడమో చేసే వీలుంది. అలా చేయకుండా, ఏ సంబంధమూ లేని ఇద్దరు బేరమాడుకుంటే ఎంత ధర పలుకుతుందో అంతే పెట్టాలన్నది దాని ఉద్దేశం. నేను పనిలో తప్పు చేసింది ఇక్కడే. ఒక ఒప్పందం అనువాదంలో "రెండు కంపెనీలూ అంటీ ముట్టనట్టు వ్యవహరించాలి" అని రాసి పంపాను. సరిచూసే పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మా, ఇది చదివితే ఒకదాని పని ఒకటి పట్టించుకోకూడదన్నట్టుంది. అక్కడ చెప్పేది ధర గురించి కదా" అన్నారు. నిజమే. "ఏ సంబంధమూ లేని పక్షాల మధ్య జరిగినట్టుగా" అని మార్చి పంపాను. కొంచెం పొడుగైంది, కానీ అర్థం చెడలేదు. ఇక 'ఆర్మ్స్ లెంగ్త్'ని "చేతి పొడవు దూరంలో" అని మాటకు మాట దించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. తెలుగు చెవికి అది కొలతలాగే వినిపిస్తుంది.

ఇంట్లో జరిగింది చెప్తాను.

నాన్న స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. అమ్మా నేనూ ఆసుపత్రిలో ఉన్నాం. అన్నయ్య వేరే ఊళ్లో ఉద్యోగం. ఆపరేషన్ రోజు వచ్చి, రెండు రోజులుండి వెళ్లాడు. సెలవు అంతకంటే దొరకలేదన్నాడు. ఆ తర్వాత ఫోన్‌లో వాడి తీరు మారిపోయింది. అమ్మ చేస్తే "ఊ", "సరే", "డాక్టర్ ఏమన్నాడో చెల్లిని మెసేజ్ పెట్టమను" అనేవాడు. నిమిషం దాటకుండా పెట్టేసేవాడు. నాన్నతో మాట్లాడతావా అంటే, పడుకోనివ్వమ్మా తర్వాత చేస్తాను అనేవాడు. ఒక సాయంత్రం అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. "వాడికేమైందే? పరాయివాడిలా అంటీ ముట్టనట్టు మాట్లాడుతున్నాడు" అంది.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. నిద్ర లేదు, టెన్షన్, డబ్బు లెక్కలు, అన్నీ కలిసి ఉన్నాయి. ఆ రాత్రే వరండాలోకి వెళ్లి వాడికి ఫోన్ చేశాను. "అన్నయ్యా, నువ్వు అంటీ ముట్టనట్టు ఉంటున్నావు. అమ్మ ఏడుస్తోంది" అన్నాను. అమ్మ ఏడవలేదు, అది నేను కలిపాను. అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "అలాగేనమ్మా" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్లు ఇంకా తగ్గాయి. నాన్న కోలుకున్నారు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నాకూ అన్నయ్యకూ మధ్య మాత్రం మాటలు ముక్తసరిగానే మిగిలాయి.

ఎనిమిది నెలల తర్వాత వాళ్లింటికి వెళ్లాను. వదిన అల్మారా సర్దుతూ ఒక చిన్న జేబు డైరీ నా చేతిలో పెట్టింది. "ఇది చూడు. నేను ఇచ్చానని మీ అన్నయ్యకు చెప్పకు" అంది. అన్నయ్య చేతిరాత. తేదీ, పక్కన ఒకటి రెండు మాటలు. "జ్వరం 100." "రాత్రి రెండుకు లేచి నీళ్లు అడిగారు." "కుట్లు విప్పారు." "వాకర్‌తో నాలుగు అడుగులు." తర్వాతి రోజు "ఏడు అడుగులు." ఒక పేజీలో ఏమీ లేదు, తేదీ ఒక్కటే ఉంది, దాని కింద పెన్ను గట్టిగా నొక్కిన గీత. నాన్న దగ్గర రాత్రిళ్లు ఉండటానికి మేం ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం. అన్నయ్య రోజూ పదకొండింటికి ఆ అబ్బాయికి ఫోన్ చేసేవాడట. ఇంట్లో చెప్పొద్దని మాట తీసుకున్నాడట. అమ్మ గొంతు వింటే తన గొంతు పూడుకుపోతుంది, అది విని అమ్మ ఇంకా భయపడుతుంది అనేవాడట. అందుకే నిమిషంలో పెట్టేయడం.

ఆ డైరీ పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఈ నుడికారంలోని చివరి ముక్క మొదటిసారి వినిపించింది. "అట్టు". ముట్టకుండా ఉన్నాడని కాదు, ముట్ట"నట్టు" ఉన్నాడని. పైకి కనిపించే తీరును చెప్పే మాట అది. లోపల ఏముందో అది చెప్పదు, చెప్పలేదు కూడా. వాడేది మనమే కాబట్టి లోపలి సంగతి కూడా మనమే నింపేస్తాం. అమ్మ తనకు కనిపించింది చెప్పింది. "మాట్లాడుతున్నాడు" అంది. నేను దాన్ని "ఉంటున్నావు" అని మార్చాను. మాట్లాడే తీరు గురించి అన్నదాన్ని మనిషి మీదికి తోశాను. చూడటానికి చిన్న మార్పే, కానీ అన్నయ్య విన్నది ఆ మార్పునే.

దగ్గర్లో ఉన్న మిగతా నుడికారాలు కూడా కాస్త చూడండి, ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటారు.

"దూరం పెట్టడం" ఎదుటివాళ్ల మీద మనం చేసే పని. వాణ్ణి దూరం పెట్టాను అంటే తలుపు వేశాను అని. అంటీ ముట్టనట్టు ఉండటంలో తలుపు తెరిచే ఉంటుంది, గుమ్మంలోనే నిలబడతాం, అంతే. "ఆమడ దూరం" భయానికో అసహ్యానికో వాడేది. ఆమడ అంటే పాతకాలపు కొలత, నాలుగు క్రోసులు, మైళ్లలో దాదాపు 8. "అప్పు అంటే ఆమడ దూరం పారిపోతాడు" అంటాం. అక్కడ అంటడం, ముట్టడం అన్న ప్రశ్నే రాదు. "ఎడమొహం పెడమొహం" ఇద్దరికీ కలిపి వాడేది, గొడవ జరిగిపోయిందని దానర్థం. ఒక్క మనిషి ఎడమొహం పెడమొహంగా ఉండలేడు. "పట్టీ పట్టనట్టు" అయితే పని విషయంలో నిర్లక్ష్యం. కొళాయి కారుతున్నా పట్టించుకోని మనిషికి అది సరిపోతుంది, అంటీ ముట్టనట్టు సరిపోదు.

"తామరాకు మీద నీటిబొట్టు" గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. చాలామంది దాన్ని అంటీ ముట్టనట్టుకు సమానంగా వాడతారు, నాకు అది ఒప్పు అనిపించదు. తామరాకు పైన కంటికి కనిపించని సన్నని బొడిపెలు, వాటి మీద మైనంలాంటి పూత ఉంటాయి. అందుకే నీరు పరుచుకోకుండా గుండ్రంగా నిలిచి, ఆకు కాస్త వంగితే చాలు, దుమ్మును కూడా తీసుకుని జారిపోతుంది. భగవద్గీత 5వ అధ్యాయం 10వ శ్లోకంలో "పద్మపత్రమివాంభసా" అని ఈ పోలికే వస్తుంది. ఫలితం మీద ఆశ వదిలి పనిచేసేవాడికి, తామరాకుకు నీరు అంటనట్టు పాపం అంటదని. అంటే గీతలో మనిషి ఆకు. మనం తెలుగులో "నీటిబొట్టులా ఉండు" అనేసరికి మనిషి బొట్టు అయిపోయాడు. ఏ వైపు నుంచి చూసినా అది వైరాగ్యం, మెచ్చుకోలు. అంటీ ముట్టనట్టు ఉండటంలో వైరాగ్యం ఉండాలని ఏమీ లేదు. జాగ్రత్త ఉండొచ్చు, అలక ఉండొచ్చు, మా అన్నయ్యలా భయం ఉండొచ్చు.

సరిగ్గా ఎదురు అర్థమిచ్చే మాటలు కూడా ఇదే "అంటు" నుంచి వచ్చాయి. "అంటిపెట్టుకుని ఉండటం" అంటే వదలకుండా పక్కనే ఉండటం. "అంటకాగడం" కూడా అంతే, కానీ అందులో నింద ఉంది, కూడనివాళ్లతో స్నేహం చేస్తున్నాడని. ఇంకో విషయం, "అంటరానితనం" అన్న మాటలో ఉన్నదీ ఈ "అంటు" అన్న మాటే. మనుషుల్ని తాకకూడదని దూరం పెట్టిన ఆ దురాచారాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. కాబట్టి నిజంగా మనిషిని మనిషి తాకడం, తాకకపోవడం గురించి మాట్లాడే చోట ఈ నుడికారాన్ని నేను వాడను. అక్కడ అది తేలిక మాట అయిపోతుంది, వినేవాళ్లను నొప్పిస్తుంది.

రాసేటప్పుడు "అంటీ ముట్టనట్టు" అని విడిగా రాసినా, "అంటీముట్టనట్టు" అని కలిపి రాసినా ఫరవాలేదు. "నట్లు" అన్నా సరే. "టీ"కి దీర్ఘం మాత్రం వదలకండి, "తాకి కూడా" అనే ఒత్తు దాంట్లోనే ఉంది. మొదటి అక్షరానికి దీర్ఘం పెట్టి "ఆంటీ" అని రాయడం పొరపాటు, అది వేరే మాట. దీని పక్కన వచ్చే క్రియలు ఉండు, వ్యవహరించు, మాట్లాడు, తిరుగు, ఇలాంటివి. "అంటీ ముట్టనట్టు తిన్నాడు" అనరు, దానికి "తినీ తిననట్టు" ఉంది.

ఇక మీ పెద్దమ్మగారి మాట. అది తిట్టు కాదు. ఫిర్యాదు, కానీ మీ మొహం మీదే చెప్పిన ఫిర్యాదు. పక్కింటివాళ్లతోనో మీ అమ్మతోనో అనకుండా మీతోనే అన్నారు. ముందు "నాన్నా" అన్నారు. ఇంకా "ఈ మధ్య" అన్నారని మీరే రాశారు, ఆ రెండు మాటల్ని వదిలేయకండి. అంతకుముందు మీరు అలా ఉండేవారు కాదని ఆవిడకు గుర్తుంది. ఎప్పుడూ ఎడంగానే ఉన్న మనిషితో ఎవరూ ఈ మధ్య అనరు.

నిజంగానే మీరు కావాలని తగ్గి ఉంటే కారణం మీకే తెలుసు, అది ఆవిడకు చెప్పాలో వద్దో మీ ఇష్టం. పని ఒత్తిడిలో ఫోన్లు తగ్గి ఉంటే మాత్రం "అలాంటిదేం లేదు పెద్దమ్మా" అని ఒక్క ముక్కతో తేల్చేయకండి. ఆవిడ చెప్పింది కూడా సరిగ్గా అలాంటి ఒక్క ముక్క సమాధానాల గురించే అయ్యుంటుంది. ఒక ఆదివారం మీరే ఫోన్ చేసి, ఆవిడ మోకాళ్ల నొప్పి గురించో ఇంకో దాని గురించో చెప్తుంటే వినండి. మా అన్నయ్యకు నేను అలాగే ఫోన్ చేశాను. డైరీ సంగతి ఎత్తలేదు, వదినకు మాట ఇచ్చాను కదా. "నాన్న ఈ రోజు కర్ర లేకుండా గేటు దాకా వెళ్లారన్నయ్యా" అని చెప్పాను. "ఎన్ని అడుగులు?" అని అడిగాడు.